పాలతో వచ్చిన పురుగు

ఊరి నుంచి ఫోను వచ్చినప్పుడల్లా వానల గురించీ, ధాన్యం ధర గురించీ మాట్లాడుకున్నాక చివర్లో గొడ్ల క్షేమసమాచారం ఒకటి ఉంటుంది. కిందటి వారం మా పెదనాన్నగారి అబ్బాయి ఫోను చేసి, గేదె ఈనిందనీ, పెయ్యదూడ పుట్టిందనీ చెప్పాడు. దూడ ఎలా ఉందని గానీ, పాలెన్ని ఇస్తోందని గానీ నేను అడగలేదు. "ఇవాళ్టికి ఎన్నో రోజు?" అని అడిగాను. ఆ ప్రశ్న వెనక నలభై ఏళ్లు దాటిన కథ ఒకటి ఉంది. ఓపిక ఉంటే వినండి.

1983లో నాకు పదేళ్లు. మాది కృష్ణా డెల్టాలో ఒక పల్లె. వినాయక చవితి వెళ్లిన నాలుగు రోజులకు మా గేదె ఈనింది. నల్లగా నిగనిగలాడే పెయ్యదూడ, నుదుట చిన్న తెల్లచుక్క. జున్ను వండి నాలుగిళ్లకు పంచారు. పాలు తీసే వేళ దూడను పట్టుకోవడం నా పని. ముందు దాన్ని పొదుగు దగ్గరికి వదలాలి. అది చన్నులు చప్పరించి, తలతో రెండు పోట్లు పొడిస్తే గేదె చేపుతుంది. చేపగానే పలుపు పట్టి దూడను ఇవతలికి లాగి, తల్లికి ఎదురుగా గుంజకు కట్టెయ్యాలి. పాలు తీయడం అయ్యాక మళ్లీ వదిలితే, మిగిలిన పాలు దానివి.

మూడు వారాలు దాటేసరికి దూడ పారుకోవడం మొదలుపెట్టింది. బురద రంగు, భరించలేని కంపు. వెంట్రుకల్లో నిగనిగ పోయింది. డొక్కలు ఎండి పొట్ట మాత్రం కుండలా ఉబ్బింది. "పాలు ఎక్కువయ్యాయి, అరగడం లేదు" అని నాయనమ్మ తేల్చింది. చూడవచ్చిన ఇరుగుపొరుగు వాళ్లూ అదే మాట అన్నారు. వాము కాచి తాగించారు, దిష్టి తీశారు, మెడకు నల్లతాడు కట్టారు. నాకు మాత్రం ఒకటే ఆజ్ఞ: "ఒరేయ్, చేపేదాకా ఉంచి లాగెయ్. తర్వాత మళ్లీ వదలమాక."

నేను లాగేశాను. దూడ ముందుకాళ్లు నేలకు తన్నిపెట్టి ఎదురు గుంజుకునేది. మొదట్లో దాన్ని లాగడానికి నా బలం చాలేది కాదు. దసరా నాటికి చాలింది.

పండగ మర్నాడు పొద్దున అది లేవలేదు.

దూడ పోతే గేదె చేపదు. అందుకని చనిపోయిన దూడ తోలు ఒలిపించి, లోపల గడ్డి కూరి కుట్టించి, పాలు తీసే వేళ తల్లి ముందు నిలబెట్టేవారు. ఆ పని చేయడానికి వచ్చిన పెద్దాయన పొట్ట కోసి, కాసేపు చూసి, నన్ను పిలిచాడు. "చూడు బాబూ, మీ దూడ ఎందుకు పోయిందో." పేగు నిండా పురుగులు. జానెడు పొడవున, తెల్లగా, లావుగా, ఒకదానికొకటి పెనవేసుకుని తాడు పేనినట్టు ఉన్నాయి. నేను ఇంట్లోకి పరుగెత్తి నాయనమ్మకు చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మన్ను తిన్నదేమోరా" అంది. సాయంత్రం గేదె ఆ గడ్డి దూడను నాకి నాకి చేపింది. పలుపు లాగే పని ఇక లేకపోయింది.

ఆ పురుగులు మన్నులోంచి రాలేదని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. దాని పేరు టాక్సోకారా విటులోరం. ఏలికపాముల జాతి. గేదెదూడలంటే దానికి ప్రత్యేకమైన ప్రీతి. దూడ పేడలో పడిన దాని గుడ్లు కొట్టంలో, దొడ్లో, గడ్డి మీద చేరతాయి. వాటిని పెద్ద పశువు మింగితే లోపల పిల్ల పురుగులు బయటపడతాయి గానీ, సాధారణంగా పేగులో స్థిరపడి పెరగవు. కండల్లో, ఇతర అవయవాల్లో దాక్కుని నెలల తరబడి నిద్రాణంగా ఉండిపోతాయి. పశువు ఆరోగ్యంగానే కనబడుతుంది. ఈత దగ్గర పడ్డప్పుడు అవి మేలుకుని పొదుగు వైపు ప్రయాణం కడతాయి. ఈనిన తొలి రోజుల్లో పాలతో పాటు దూడ కడుపులోకి దిగుతాయి. మూడు నాలుగు వారాల్లో పెద్దవై, అవే మళ్లీ గుడ్లు పెడతాయి.

అంటే నాయనమ్మ మాట సగం నిజమే. రోగం పాలతోనే వచ్చింది. కానీ ఆ రోగం దిగేది మొదటి రోజుల్లో. మేము పాలు తగ్గించింది మూడో వారం తర్వాత. అప్పటికి కడుపులో ఉన్న పురుగులు తమ వాటా తాము తీసుకుంటూనే ఉన్నాయి. దూడ వాటాను నేను లాగేశాను. ఈ వాక్యం రాయడానికి ఇన్నాళ్లు పట్టింది.

మరింత బాధ కలిగించే సంగతి, దీనికి మందు ఆనాటికే ఉంది. పైపరజీన్ 1950ల నుంచీ వాడుకలో ఉన్న మందు, ఖరీదైనదీ కాదు. దూడకు పది నుంచి పదహారు రోజుల మధ్య వయసులో తగిన మందు ఒక్కసారి పట్టిస్తే, పాలతో దిగిన పురుగులు గుడ్లు పెట్టే వయసుకు రాకముందే పోతాయి. దూడ బతుకుతుంది, దొడ్లో గుడ్లు పడవు, వచ్చే ఈతలకు ఆ కొట్టంలో పశువులు మింగడానికీ కొత్తగా ఏమీ ఉండదు. తల్లికి మామూలుగా పోసే నట్టల మందు కండల్లో దాక్కున్న పిల్ల పురుగులను తుడిచిపెట్టలేదు కాబట్టి, ఈ గొలుసు తెగే చోటు దూడే. పదో రోజున దూడ చెంగుచెంగున గంతులు వేస్తూ ఉంటుంది. మందు పట్టాలన్న ఆలోచన ఎవరికీ రాదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఈ చదువు నాకు మొదట అక్కరకు వచ్చింది గేదె దగ్గర కాదు, కుక్క దగ్గర. హైదరాబాదులో మేముండే అపార్టుమెంటు సెల్లారులో, మెట్ల కింద, కిందటేడు కార్తీకమాసంలో ఒక వీధికుక్క ఐదు పిల్లలను పెట్టింది. పక్కనే ఇంటిపనుల కోసం పోయించిన ఇసుక. అపార్టుమెంటు పిల్లలందరూ బడి నుంచి రాగానే అక్కడే. వారం తిరక్కుండా సంఘం వారు సమావేశం పెట్టారు. "పిల్లలకు పురుగులు అంటుకుంటాయండీ, ఎక్కడైనా దూరంగా వదిలేయించండి" అన్నారొకరు. ఆ భయం అర్థం లేనిదని నేను అనలేదు. కుక్కల ఏలికపాము టాక్సోకారా కేనిస్ కూడా ఆ కుటుంబానిదే. ఇది ఇంకొక అడుగు ముందుకేసి, తల్లి గర్భంలో ఉండగానే కూనల్లోకి చేరుతుంది. దాని గుడ్లు మనుషుల కడుపులోకి పోతే, పిల్ల పురుగులు దారి తప్పి కాలేయంలోకీ, ఊపిరితిత్తుల్లోకీ, ఒక్కోసారి కంట్లోకీ పోతాయి. ఇలా దారి తప్పిన పురుగుల వల్ల పసిపిల్లలకు కలిగే జబ్బును పాల్ బీవర్, ఆయన సహచరులు 1952లో వర్ణించారు.

అయితే మనం గమనించవలసింది ఒకటుంది. కుక్కపిల్ల అప్పుడే వేసిన మలంలోని గుడ్డు వెంటనే అపాయం చేయదు. అది నేలలో కనీసం రెండు వారాలు పక్వం కావాలి. ఆ తర్వాత మాత్రం ఏళ్ల తరబడి బతుకుతుంది. కాబట్టి ఏ రోజు మలం ఆ రోజు తీసేసి, ఇసుక మీద పట్టా కప్పి, కూనలకు వేళకు మందు వేస్తే సరిపోతుంది. "ఇవి పోతే ఇంకొకటి వచ్చి ఈనుతుంది. రెండు నెలలు నాకు వదిలెయ్యండి" అన్నాను. ఒప్పుకున్నారు, అయిష్టంగానే.

పశువైద్యుణ్ని అడిగితే ఆయన మొదట అడిగింది బరువు. "కంటికొలత పనికిరాదండీ. గొర్రెలమందలో అన్నిటికీ ఒకే కొలత పోస్తారు. పెద్దవాటికి తక్కువ పడుతుంది. చావని పురుగులే మిగిలి పిల్లలను పెడతాయి. కొన్నేళ్లకు ఆ మందే పనిచెయ్యదు" అన్నారు. మా ఆవిడ నాకేసి ఒక చూపు చూసి, వంటింటి తూకం మీద పాత తువ్వాలు పరిచి ఇచ్చింది. అప్పుడే కళ్లు తెరిచిన కూనలు. ఒకటి తొమ్మిది వందల గ్రాములు, ఇంకొకటి పన్నెండు వందలు. రెండో వారం, నాలుగు, ఆరు, ఎనిమిది వారాలప్పుడు పైరాంటెల్ ద్రావకం. అదే రోజుల్లో తల్లికీ మందు. మోతాదు ఇక్కడ రాయను. సీసా సీసాకూ గాఢత మారుతుంది, వైద్యుణ్నే అడగండి.

రెండో విడత మందు వేసిన మర్నాడు వాచ్‌మన్ గాబరాగా వచ్చాడు. "సార్, మందు వెయ్యకముందు మంచిగనే ఉండె. ఇప్పుడు చూడుండ్రి, కడుపుల కెల్లి పురుగులు పడ్తున్నయ్. మందు తోనే అయినట్టున్నది" అన్నాడు. వెళ్లి చూశాను. సేమియా పోగుల్లాంటివి, కొన్ని ఇంకా కదులుతున్నాయి. ఈ మందు పురుగు కండరాలను బిగదీసి దాని పట్టు వదిలిస్తుంది. పట్టు తప్పిన పురుగు పేగు కదలికతో బయటికి కొట్టుకొస్తుంది. అందుకే ప్రాణంతో పడుతుంది. ఇదంతా అతనికి చెప్పాను. అతను తల ఊపి, "అంటే అన్ని దినాలూ లోపల్నే ఉన్నయా సార్, మంచిగున్నప్పుడు గూడ?" అన్నాడు. నలభై ఏళ్ల కిందట నేను నాయనమ్మను అడగవలసిన ప్రశ్న అది.

ఐదింటిలో నాలుగు బతికాయి. రెంటిని మా అపార్టుమెంటు వాళ్లే పెంచుకుంటున్నారు. అందులో ఒకటి, దూరంగా వదిలేయించమన్న ఆయన ఇంట్లోనే ఉంది.

ఇక మళ్లీ ఫోను దగ్గరికి వస్తాను. "ఎనిమిదో రోజురా, ఎందుకు?" అన్నాడు అన్నయ్య. చెప్పాను. "దూడ బ్రహ్మాండంగా ఉందిరా. గంతులేస్తోంది. మందెందుకు?" అన్నాడు. "బాగున్నప్పుడే పట్టాలి అన్నయ్యా. డాక్టరు గారిని పిలిచి, బరువు చూపించి పట్టించు. పాలు మాత్రం తగ్గించకు" అన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. ఆ దసరాకి అతనూ ఆ ఇంట్లోనే ఉన్నాడు.

నాలుగు రోజుల తర్వాత ఫొటో పంపాడు. మందు పట్టించాక తీసినదట. దూడ పొదుగుకు తల ఆనించి కుడుస్తోంది. మెడలో పలుపు వదులుగా వేలాడుతోంది.