నిరాశ్రయునికొక చిరునామా

“నిరాశ్రయుడు” బహువ్రీహి సమాసం. ‘నిర్’ అన్న ఉపసర్గకు తొలగిపోయినదన్న అర్థం ఉన్నది గనుక, ఆశ్రయము తొలగిపోయినవాడు అని విగ్రహం చెప్పుకోవచ్చు. అంటే పుట్టుకతో లేనివాడు కాడు. ఒకప్పుడు ఉండి, పోగొట్టుకొన్నవాడు. పోయినది తిరిగి ఇవ్వడమే మన విధి అని ఆ చిన్న ఉపసర్గ చెబుతున్నట్లు తోస్తుంది.

2011 జనగణనలో ఫిబ్రవరి 28 రాత్రి ఇళ్లు లేనివారిని ప్రత్యేకంగా లెక్కించారు. రోడ్ల పక్కన, వంతెనల కింద, గుడి మండపాలలో, రైల్వే ప్లాట్‌ఫారాలపై తలదాచుకొన్నవారు దేశమంతటా దాదాపు 17.7 లక్షల మందిగా తేలారు. మా గుంటూరులో అవి మిరప యార్డుకు టిక్కీలు వెల్లువెత్తే రోజులు. కోతలకు వచ్చే వలసకూలీ పొలంగట్టున పరదా కింద నిద్రించినా, పనులయ్యాక తిరిగి వెళ్లడానికి అతనికొక ఊరుంటుంది. ఆ ఊరు కూడా లేనివాని మాట నేను చెబుతున్నది.

నేనెరిగిన ఒక వృద్ధుడు టిక్కీలు మోసి బ్రతికినవాడు. భుజం పడిపోయింది, భార్య గతించింది, అద్దె గది చేజారింది. బస్టాండు అరుగే ఇల్లయింది. పింఛను కోసం ఒక కార్యాలయానికి ఆయన వెంట వెళ్లాను. “ఇంటి నంబరు?” అన్నారు. ఆయన నా వైపు చూశాడు. ఆ గడి ఖాళీగా ఉండిపోయింది. కాగితం తిరిగి చేతికి వచ్చింది.

2010లో సర్వోన్నత న్యాయస్థానం పెద్ద నగరాలలో లక్ష జనాభాకొక ఆశ్రయగృహం ఏడాది పొడవునా, రేయింబవళ్లు నడవాలన్నది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ నియమాలు మనిషికి 50 చదరపు అడుగుల చోటు, వంటగది, స్నానపు గదులు అని చెప్పి ఆగలేదు. అక్కడివారికి పింఛను, రేషను, బ్యాంకు ఖాతా, వైద్యం అందేలా చూడాలన్నాయి. నా దృష్టిలో ఆశ్రయానికి ప్రాణం ఈ రెండవ భాగమే. చాప ఒక రాత్రికి మాత్రమే. దరఖాస్తు నింపి, ఆసుపత్రికి వెంట నడిచే మనిషి ఉంటేనే తెల్లవారాక అతడు పాత అరుగుకు చేరకుండా ఉంటాడు.

2020 డిసెంబరులో మన రాష్ట్రంలో 30 లక్షలకు పైగా ఇళ్లపట్టాల పంపిణీ మొదలైనప్పుడు తెల్ల రేషనుకార్డు అర్హతలలో ఒకటి. ఇంటికి కార్డు కావాలి, కార్డుకు ఇల్లు కావాలి! ఫిన్లాండువారు 2008 నుండి ఈ వరుసను తిరగవేశారు: తొలుత ఇల్లు, తాళంచెవి, మిగతా చిక్కులు ఆ ఇంట్లో కూర్చొని విప్పుకోవడం. తరువాతి పదిహేనేళ్లలో అక్కడ ఇల్లు లేనివారి సంఖ్య సగానికి పైగా తగ్గింది.

అంత స్తోమత మనకు ఇప్పుడే లేదనుకొందాం. ఆశ్రయగృహపు తలుపు నంబరునే దరఖాస్తులో ఇంటి నంబరుగా అంగీకరించడానికి ఖర్చేమున్నది?