సోడాబుడ్డి

మా అమ్మాయికి అయిదో ఏటనే కళ్ళజోడు వచ్చింది. కుడికన్ను బాగానే ఉంది గాని, ఎడమకన్ను పంపే బొమ్మ మసకగా ఉండటంతో మెదడు దాన్ని లెక్కచెయ్యటం మానేసిందన్నారు డాక్టరుగారు. జోడుతోపాటు రోజూ కాసేపు మంచి కన్నుకు పట్టీ అంటించాలట. అప్పుడుగాని బద్ధకించిన కన్ను పని నేర్చుకోదట. ఓ మాదిరి మాంద్యానికి 6 గంటలు కట్టినా 2 గంటలు కట్టినా దాదాపు ఒకటే ఫలితమని 2003లో అమెరికాలో జరిగిన పరిశోధనలో తేలిందట. కనుక మాకు 2 గంటలే చెప్పారు.

"ఏడెనిమిదేళ్ళు దాటితే ఇంత తేలిగ్గా దారికి రాదమ్మా, అశ్రద్ధ చెయ్యకండి" అని హెచ్చరించారు.

పట్టీతో వీధిలోకి ఆటకు వెళ్ళిన పిల్ల పావుగంటలో తిరిగొచ్చింది. "ఒంటికన్ను సోడాబుడ్డి" అన్నారట. మర్నాడు జోడు బియ్యపు డబ్బాలో దొరికింది.

నేను ఊరుకుంటానా? కొంగు బిగించి వెళ్ళి ఎదురింటి కుర్రవాణ్ణి నాలుగూ దులిపాను. వాళ్ళమ్మగారితో మాటా మాటా పెరిగింది. ఫలితమేమిటంటారా? ఆ తరువాత సోడాబుడ్డి అన్నవాళ్ళు లేరు. మా పిల్లను ఆటకు పిలిచినవాళ్ళూ లేరు. గుమ్మంలో కూర్చుని వాళ్ళ ఆట చూస్తూండేది.

ఒక సాయంత్రం జడ వేస్తూ, "జోడు పెట్టుకుంటే ఎంత బాగుంటావో తెలుసా!" అన్నాను.

"మరి పిన్ని పెళ్ళిలో ఫొటోకి నువ్వే తీసేశావుగా?" అంది.

నా నోట మాట రాలేదు. నిజమే. "ఒక్క ఫొటోకే, తల్లీ" అంటూ తీసి నా సంచీలో పడేసిందాన్ని నేనే. వీధిపిల్లలు నోటితో అన్నమాట అంతకుముందే నేను చేత్తో అన్నాను!

మర్నాడు సిగ్గు విడిచి ఎదురింటికి వెళ్ళాను. "మొన్న నోరు జారాను, వదినగారూ. సాయంత్రం పిల్లల్ని మా ఇంటికి పంపండి" అన్నాను. ఆవిడ మంచిది, పంపింది.

చేగోడీలు పెట్టి, పట్టీ ఎందుకో రెండు ముక్కల్లో చెప్పాను. అందరికీ తలా ఒక కన్నుకు పట్టీ అంటించి బంతి విసిరాను. ఒంటికన్నుతో దూరం సరిగా అందదు కదా! ఎదురింటివాడు ఉత్త గాలిని పట్టుకున్నాడు. మా అమ్మాయీ జారవిడిచింది. అందరూ విరగబడి నవ్వారు. ఆ నవ్వులో మా పిల్ల నవ్వు కూడా వినపడింది.

"రోజూ రెండు గంటలు ఇలాగేనా?" అని వాడు దానికేసి వింతగా చూశాడు. వెళ్తూ వెళ్తూ, "రేపు ఆటకు రా" అన్నాడు.

అంతటితో వెక్కిరింతలు పోయాయని చెప్పను. బళ్ళో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. టీచరుగారితో మాట్లాడాను, ఆవిడ కనిపెట్టి చూస్తున్నారు. కాని ఇప్పుడు మా పిల్ల జోడు దాచటం లేదు. ఎవరేమన్నారో ఇంటికొచ్చి చెబుతుంది. నేను కొంగు బిగించకుండా చివరిదాకా వింటున్నాను. వినటం తగవుకన్నా కష్టం సుమండీ!

కిందటి నెల ఎడమకన్నుతో బోర్డు మీద మరో రెండు వరుసలు చదివింది. వస్తూ వస్తూ ఫొటో తీయించుకున్నాం, జోడుతోనే.