ఒక్క మెతుకు చాలదు

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు కుండలోని మెతుకులన్నియు పట్టి చూడనక్కరలేదనియు, ఒక్క మెతుకు చాలుననియు మన పెద్దలు చెప్పుదురు. వంటింటిలో నీ మాటకు తిరుగులేదు. కుండ యొక్కటి, ఎసరు ఒక్కటి, మంట యొక్కటి. కావున ఒక మెతుకు ఉడికినచో తక్కినవియు ఉడికినట్లే. కాని యీ సామెత చెల్లని పనులును లోకమున గలవు. అట్టి పనులలో నొకదానిని గూర్చి సోదరీమణులతో నాలుగు మాటలు ముచ్చటింపదలచితిమి. అది చమురు పరిశ్రమలో క్వాలిటీ ఇంజనీరు చేయు పని.

మన తెలుగు బిడ్డలు పెక్కుమంది నేడు గల్ఫు దేశములలోను, మన తీరమునందును చమురు, గ్యాసు నిర్మాణములలో పనిచేయుచున్నారు. బావి త్రవ్వించువాని తల్లియు, యంత్రము నడుపువాని తల్లియు తమ కుమారుడు చేయు పనిని ఒక్క మాటలో చెప్పగలరు. క్వాలిటీ ఇంజనీరు తల్లి మాత్రము తడబడును. అతడు బావి త్రవ్వడు, గొట్టము అతుకడు, యంత్రము త్రిప్పడు. మా మరిది యీ పనిలోనే యున్నాడు. అతనికి సంబంధములు చూచు రోజులలో నొక పెద్దమ్మగారు, "అయితే ఇతరుల తప్పులెన్నుటకే జీతమిత్తురా?" అని నవ్విరి. ఆ ప్రశ్న మమ్ము చాల దినములు విడువలేదు. అతడు సెలవు మీద వచ్చినప్పుడెల్ల అడిగి, చదివి, తెలిసికొన్నంత ఇచట వ్రాయుచున్నాము.

చమురు శుద్ధిచేయు కర్మాగారమునందు గొట్టముల అతుకులు వేలకొలదిగా నుండును. వానిలో ప్రతి అతుకునకును మంట వేరు, చేయి వేరు, వేళ వేరు. ఉదయము చల్లని గాలిలో వేసిన అతుకు ఒకటి. మిట్టమధ్యాహ్నపు టెండలో అలసిన చేతితో వేసినది మరియొకటి. ఒకటి బాగున్నంత మాత్రమున ప్రక్కది బాగున్నదని నమ్మరాదు. అందుచేత నీ పరీక్ష అతుకు వేసిన తరువాత గాక, ఇనుము వచ్చిన నాడే ఆరంభమగును.

ఉక్కు కరగించి పోసినప్పుడే ప్రతి పోతకును ఒక సంఖ్య నిత్తురు. అందేయే ధాతువులు ఎంతెంత యున్నవో, ఎంత లాగిన తెగునో ఆ సంఖ్య పేర పత్రము వ్రాయబడును. గొట్టమును రెండుగా కోయవలసి వచ్చినచో, కోయక మునుపే ఆ సంఖ్యను రెండవ ముక్క మీదకు దింపవలెను. లేనిచో ఆ ముక్క యింటిపేరు, గోత్రము తెలియని దగును. అది చూచుటకు తక్కినవానివలెనే యుండును. అయినను ఎంత మంచిదైనను పనికిరాదు. పుట్టుక తెలియని ముక్కను ప్రక్కన పెట్టించుట క్వాలిటీ ఇంజనీరు మొదటి కర్తవ్యము.

పిమ్మట అతుకు వేయు కడ్డీలు. వర్షకాలమున అప్పడములు మెత్తబడినట్లు, ఈ కడ్డీల పైపూత గాలిలోని తేమను పీల్చును. ఆ తేమలోని హైడ్రోజను కరిగిన ఉక్కులో చేరి, పని ముగిసి అందరును ఇండ్లకు పోయిన తరువాత, ఒకటి రెండు దినములకు లోలోపల బీట పుట్టించును. కావుననే కొన్ని తరగతుల కడ్డీలను పొయ్యిలో కాచి, వెచ్చని పెట్టెలలో నుంచి తీసి వాడుదురు. బీట వచ్చు భయము గల ఉక్కునకు అతుకు వేసిన వెంటనే గాక, 48 గంటలు గడచిన పిదప పరీక్ష చేయువారు కలరు. ఎవరికిని కనబడని ఈ పొయ్యి వేడిమి యెంత యున్నదో నిత్యము వ్రాయించుచుండుట కూడ ఇతని పనియే.

అతుకు లోపలి సంగతి తెలియుటకు వైద్యులు ఎముకలను చూచినట్లు ఎక్స్‌రే తీయుదురు. అపాయము హెచ్చుగా నుండు చోట నూటికి నూరు అతుకులను చూతురు. సామాన్యమైన గొట్టములకు నూటికి అయిదు చూచిన చాలునని అమెరికా దేశపు ప్రసిద్ధ నియమావళి యొకటి చెప్పును. అనగా నచట మెతుకు పట్టి చూచుట కొంత కలదు. కాని దానితోపాటు మరియొక నియమము కూడ కలదు. చూచిన అతుకు చెడినదైనచో, దానిని బాగుచేయుటతో సరిపోదు. అదే పనివాని చేతి అతుకులు మరి రెండు తీసి చూడవలెను. అవియు చెడినచో ఇంకను చూడవలెను. తుదకు గొట్టములో నీరు నింపి, అది పనిలో మోయవలసిన ఒత్తిడికి సామాన్యముగా ఒకటిన్నర రెట్లు పెట్టి, కారునేమో పరీక్షింతురు. గాలితో గాక నీటితో చేయుటకు కారణము కలదు. అణచిన గాలి గొట్టము పగిలినప్పుడు బాంబువలె పేలును. నీరు అట్లు పేలదు.

మా వారు బడిలో పరీక్షకాగితములు దిద్దుచుండగా మా మరిది చూచి, "అన్నయ్యకు నూటికి 35 వచ్చినను పిల్లవాడు గట్టెక్కును. మాకు 99 వచ్చినను ఒక్కొక్కప్పుడు అతుకు కోసివేయవలసినదే" అనెను. హాస్యముగా నన్నను అందు సత్యమున్నది.

ఇంతకు ముఖ్యమైనది మరియొకటి. పని ఆరంభింపక మునుపే, ఏ పని తరువాత ఏది జరుగవలెనో, ఏ చోట ఎవరు వచ్చి చూడవలెనో ఒక పట్టిక వ్రాసికొందురు. అందు కొన్ని చోట్ల పరీక్షకుడు వచ్చి చూచి సంతకము చేయువరకు పని ముందునకు సాగరాదు. దానిని హోల్డ్ పాయింటు, అనగా ఆగవలసిన చోటు, అందురు. వేయిమంది పనివారు నిలిచియున్నను, ఓడ రేవులో కాచియున్నను, అచట ఆగవలసినదే. ఆ సంతకము చేయువాడు, పనిని తొందరగా ముగించుటకు బాధ్యుడైన వాని చేతిక్రింద నుండరాదని పెద్ద సంస్థలు ఏర్పాటు చేసికొన్నవి.

దీని యుక్తి భారతము చదివిన మనకు క్రొత్త కాదు. వారణావతమున లక్కయిల్లు కట్టించినవాడును పురోచనుడే. అది సుఖనివాసమని చెప్పి పాండవులను అందు ప్రవేశపెట్టినవాడును పురోచనుడే. కట్టినవాడు చెప్పిన మాటకు లొంగక, గోడల వాసన చూచి, ఇందు నేయి, లక్క కలిసినవని కనిపెట్టినవాడు ధర్మరాజు. ఆ దినమున ఆయన చేసినది తప్పులెన్నుటయా, తల్లిని, తమ్ములను కాపాడుటయా?

చూడవలసినదానిని చూడకపోయిన నేమగునో చెప్పుటకు నార్వే దేశపు కథ యొకటి కలదు. ఆ దేశపు నవలాకారుడు అలెగ్జాండర్ షెల్లాండ్ పేరు పెట్టిన తేలుడు కట్టడ మొకటి ఉత్తర సముద్రమున ఎకోఫిస్క్ అను చమురు క్షేత్రమునందుండెడిది. అది ఫ్రాన్సు దేశమున డంకర్క్ రేవున నిర్మింపబడి, 1976లో పనికి వచ్చినది. దానికి అయిదు కాళ్లు. చమురు పనివారు నిద్రించుటకు, భుజించుటకు దానిని వాడుచుండిరి. 1980 మార్చి 27వ తేదీ సాయంకాలము, గాలి హెచ్చుగా నున్న వేళ, కాళ్లను కలుపు దూలములలో నొకటి విరిగినది. దాని వెంట మరి అయిదు విరిగినవి. ఒక కాలు ఊడిపోయినది. అరగంటలోపలనే కట్టడమంతయు తలక్రిందులైనది. అందున్న 212 మందిలో 123 మంది మరణించిరి.

మొదట విరిగిన దూలమును విచారణవారు పరీక్షింపగా, దాని మీద సముద్రములోని ధ్వనులను వినుటకై యొక చిన్న పరికరమును నిలుపు పట్టు కలదు. అది కట్టడపు బరువు మోయునది కాదు. కావున నెవరును దానిని ముఖ్యమైనదిగా ఎంచలేదు. దాని చుట్టునున్న అతుకు కేవలము 6 మిల్లీమీటర్లది. ఆ అతుకు సరిగా లేదు. అచట పుట్టిన బీట అలల తాకిడికి నెమ్మదిగా పెరిగి దూలమునంతయు చుట్టుకొన్నది. అన్నిటికంటె మమ్ము కలవరపెట్టిన సంగతి యేమనగా, ఆ బీటలోపల రంగు కనబడినది. అనగా కట్టడమునకు రంగు వేయునాటికే ఆ బీట అచట నున్నది. రంగు వేయువాని కుంచె దాని మీదుగా పోయినది. పెద్ద దూలముల అతుకులను చూచిన కన్ను ఈ చిన్నదానిని చూడలేదు.

ప్రాణనష్టము లేని చోటను మూల్యము స్వల్పము కాదు. కజకిస్తాన్ దేశమున, కాస్పియన్ సముద్రములోని కషగాన్ క్షేత్రమున 2013 సెప్టెంబరులో ఉత్పత్తి మొదలుపెట్టిరి. అచటి గ్యాసులో విషవాయువైన హైడ్రోజన్ సల్ఫైడు హెచ్చు. దాని ప్రభావముచే గట్టిపడిన అతుకుల వద్ద బీటలు పడి గొట్టములు కారినవి. కొన్ని వారములకే పని యాపి, సుమారు 200 కిలోమీటర్ల గొట్టములను మార్చి, 2016 అక్టోబరులో గాని మరల ఆరంభింపలేకపోయిరి.

ఇక మా యింటి సంగతి. మూడేండ్ల క్రిందట మా మరిది విదేశమున నొక నిర్మాణస్థలమున నుండెను. ఓడకెక్కింపవలసిన దినము నిర్ణయమై యుండగా, ఒక అతుకు ఎక్స్‌రేలో వెండ్రుకవంటి గీత కనబడినది. పైవారు అది ఫిలిము మీది గీతయే యనిరి. మరల తీయించెను, మరల కనబడినది. అయినను సంతకము చేయుమని ఒత్తిడి వచ్చినది. ఆ రాత్రి అతడు ఇంటికి ఫోను చేసి, "వదినా, అమ్మ మేలుకొని యున్నదా? ఈ ఉద్యోగము నిలుచునో నిలువదో తెలియకున్నది" అనెను. మాఘములో మా ఆడబిడ్డ పెండ్లి. అతని జీతము మీదనే ఖర్చులన్నియు ఆధారపడియున్నవి. కూర్చున్న బంధువులలో నొకరు, "నలుగురితోపాటు ఒక సంతకము పెట్టిన పోయెడిదేమి?" అనిరి. మా అత్తగారు ఫోను తీసికొని యొక్క ప్రశ్న అడిగిరి: "నీ కంటికి గీత కనబడినదా?"

"కనబడినదమ్మా."

"అయితే కనబడలేదని వ్రాయకు. పెండ్లి వైశాఖమునకు పెట్టుకొందము."

అతడు లోపపత్రము వ్రాసెను. అతుకు కోసి మరల వేసిరి. ఓడ తొమ్మిది దినములు ఆగినది. గడువు తీరిన పిమ్మట వారు అతనిని మరల పిలువలేదు. నాలుగు నెలలు ఇంట కూర్చుండెను. వైశాఖమున పెండ్లి చిన్న పందిరిలో జరిగినది. అనుకొన్న గొలుసునకు మారుగా ఆడబిడ్డకు సన్నని జత గాజులు వచ్చినవి. ఆమె యేమియు అనలేదు. మరిది ఇప్పుడు వేరొకచోట అదే పనిలో నున్నాడు.

ఆ అతుకును విడిచియుండినచో పగిలెడిదో, ముప్పదియేండ్లు నిలిచెడిదో ఎవరును చెప్పజాలరు. ఈ వృత్తిలోని కష్టమదియే. జరిగిన ప్రమాదమునకు వేయిమంది సాక్షులుందురు. జరుగని ప్రమాదమునకు సాక్షి యుండడు. వంతెన కట్టినవానికి వంతెన కనబడును, వైద్యునికి కోలుకొన్న రోగి కనబడును. వీరికి కనబడునది తమ సంతకము గల కాగితముల కట్ట మాత్రమే. కావున మెప్పు కోరువాడు ఈ పనిలో నిలువలేడు.

ఇది దూరదేశపు మాట యనుకొనరాదు. కోనసీమలో నగరం గ్రామమున 2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున, తుప్పుపట్టిన గొట్టమునుండి గ్యాసు కారి మంటలు చెలరేగి, ఇరువది మందికి పైగా మరణించిరి. అది నిర్మాణకాలపు అతుకు దోషమని మేము చెప్పుట లేదు. కట్టిన పిదప కాపాడు కన్ను వేరు. అయినను గొట్టములు మన కొబ్బరితోటల నడుమను, మన పెరళ్ల ప్రక్కను పోవుచున్నవనియు, లోపము దాచినచో నిద్రించుచున్న తల్లీబిడ్డలకే ముందుగా తగులుననియు మనము మరువరాదు.

సోదరీమణులారా, ఇట్టి పనిలో నున్న కుమారులు, భర్తలు, మరుదులు మనలో పెక్కుమందికి కలరు. వారి సంతకము నిర్మాణస్థలమున పడునదే యైనను, దాని బలము ఇంటిలో పుట్టును. అప్పులు, పెండ్లిండ్లు, క్రొత్త యిల్లు అని మనము వారిపై మోపు భారము, ఆ కలమును ఏ వైపునకు త్రిప్పునో మనము యోచింపవలెను. దూరమునుండి బిడ్డ ఫోను చేసినప్పుడు జీతము పడినదా యని తప్పక అడుగుదము. ఇల్లు గడువవలెను గదా. దానితోపాటు, "నేడు దేనినైన ఆపవలసి వచ్చినదా, నాయనా?" అని కూడ అడుగుదము. వచ్చినదని అతడు చెప్పినచో, తొందరపడక వినుదము.