పటం అచ్చేసిన ఒక్క టాకా

ఢాకా వెళ్తున్నానని తెలియగానే ఇంట్లోవాళ్లు జామ్దానీ చీరల చిట్టా చేతిలో పెట్టారు. నాకు కావాల్సింది మాత్రం ఒక్క నోటు. 1972లో బంగ్లాదేశ్ తన జనానికి తొలిసారిగా ఇచ్చిన ఒక్క టాకా నోటు. ఆన్‌లైన్‌లో దొరకదా అంటే, దొరుకుతుంది. కానీ అది చెల్లిన ఊళ్లోనే కొనాలన్న పిచ్చి నోట్లు పోగేసేవాళ్లకి కొత్తేమీ కాదు.

అప్పటికింకా కోల్‌కతా నుంచి ఢాకాకి మైత్రీ ఎక్స్‌ప్రెస్ నడుస్తోంది. 2024 జులైలో ఆగిపోయింది. పొద్దున్నే ఎక్కి సరిహద్దు దాటాక చాలాసేపు వరి చేలు, చెరువులు తప్ప ఇంకేమీ కనిపించలేదు. పద్మానది మీద హార్డింజ్ వంతెన రాగానే పెట్టెలో సగం మంది కిటికీల దగ్గరికి చేరారు. 1915 మార్చి 4న ప్రారంభమైన వంతెన అది. 1971 డిసెంబరు యుద్ధంలో బాంబు పడి దెబ్బతింటే, మళ్లీ రైళ్లు నడిచేసరికి 1972 అక్టోబరు అయింది. నేను వెతుకుతున్న నోటు విడుదలైంది కూడా మార్చి 4నే, 1972లో. అంటే ఆ నోటు జేబుల్లోకి వచ్చేనాటికి ఈ వంతెన ఇంకా విరిగే ఉంది.

1971 డిసెంబరు 16న పాకిస్తాన్ నుంచి విడిపోయి దేశమైతే వచ్చింది గానీ డబ్బు రాలేదు. సొంతంగా నోట్లు అచ్చేసుకునే ముద్రణాలయం కూడా లేదు. దాదాపు మూడు నెలలు పాకిస్తాన్ రూపాయలతోనే బజారు నడిచింది. ఎవరితో యుద్ధం చేశారో వాళ్ల నోట్లతోనే బియ్యం కొనుక్కోవాల్సి వచ్చింది. కొత్త నోట్లు మన నాసిక్‌లో అచ్చయ్యాయి. ముందు ఒకటి, వంద టాకాలు వచ్చాయి. ఐదు, పది తర్వాత చేరాయి. అన్నిటి మీదా బంగ్లాదేశ్ పటం ఉండేది, అందుకే అక్కడ వాటిని మ్యాప్ నోట్లంటారు.

ఢాకాలో నోట్ల బజారంటే గులిస్తానే. ఫుట్‌పాత్ మీద చిన్న బల్లలు, వాటి మీద కొత్త నోట్ల కట్టలు. పండగకి పిల్లలకివ్వడానికి కరకరలాడే నోట్లు కావాలన్నా, చిరిగిన నోటు మార్చుకోవాలన్నా కాస్త కమీషన్ పుచ్చుకుని ఇస్తారు. అడిగితే పాతనోట్లున్న బల్ల ఒకటి చూపించారు.

"ఇండియా నుంచా దాదా?" అంటూ హిందీలోకి దిగాడు ఆ బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన. తెలుగువాణ్ణని చెబితే, జాత్రాబాడీ దగ్గర ధల్‌పూర్‌లో మీ భాషవాళ్లు ఉన్నారన్నాడు. బ్రిటిష్‌వాళ్ల కాలంలో పారిశుద్ధ్య పనికి తీసుకొచ్చిన కుటుంబాలవారు. వాళ్ల దగ్గరికి వెళ్లడం వేరే ప్రయాణం, వేరే వ్యాసం.

ముందుగా ఆయన బయటికి తీసింది పది రూపాయల పాకిస్తాన్ నోటు. దాని మీద ఊదారంగు సిరాతో 'బంగ్లాదేశ్' అని రబ్బరు ముద్ర. 1971లో కొందరు బెంగాలీలు నిరసనగా నిజంగానే ఇలా ముద్రలు కొట్టారు. ఆ ఏడాది జూన్ 8న పాకిస్తాన్ ప్రభుత్వం ఆ నోట్లు చెల్లవని ప్రకటించింది. బ్యాంకుల్లోంచి దోచిన పెద్ద నోట్లు తిరగకుండా వంద, ఐదువందలు కూడా రద్దు చేసింది. ఇంత కథ ఉంది కాబట్టే దొంగ ముద్రలకీ గిరాకీ ఉంది. భూతద్దం పెట్టి చూశాను. నోటు నడిమి మడత అరిగి తెల్లబడింది, అచ్చు చెరిగిపోయింది. సిరా మాత్రం ఆ తెల్లటి మడతలోకి కూడా దిగి నిగనిగలాడుతోంది. అంటే నోరు లేని ఆ నోటు నలిగి, అరిగి, ముసలిదయ్యాక ఎవరో తీరిగ్గా కూర్చుని ముద్ర కొట్టారు. తిరిగి ఇచ్చేస్తే పెద్దాయన నవ్వాడే తప్ప వాదించలేదు.

తర్వాత ఒక్క టాకా తీశాడు. చిన్న నోటు, పల్చటి కాగితం. అంచున రెండు పిన్ను రంధ్రాలు, వాటి చుట్టూ తుప్పు మరక. కట్టకి పిన్ను కొట్టే మన అలవాటుకి గుర్తు. నాయకుడి బొమ్మ లేదు, పటం ఒక్కటే. మన రూపాయి నోటు మీద లాగే సంతకం ఆర్థిక కార్యదర్శిది. మచ్చలేని నోటు కావాలనేవాళ్లు దీన్ని తాకరు. నాకైతే ఆ తుప్పే నచ్చింది. కాసేపు బేరమాడి, హోటల్లో రెండు పూటల భోజనమంత ఖర్చుకి తీసుకున్నాను.

మ్యాప్ నోట్లు ఎక్కువ కాలం నిలవలేదు. నకిలీల బెడద, ఇండియా లెక్కకు మించి అచ్చేసిందన్న పుకార్లు చుట్టుముట్టాయి. ప్రభుత్వం వాటిని వెనక్కి తీసుకుంది. ఆ తర్వాతి నోట్లు బ్రిటిష్ కంపెనీల అచ్చు.

ఢాకాలోనే మీర్‌పూర్‌లో బంగ్లాదేశ్ బ్యాంకు శిక్షణ సంస్థలో 2013లో తెరిచిన టాకా మ్యూజియం ఉంది. పాతకాలపు నాణేల నుంచి నేటి నోట్ల దాకా అక్కడ చూడొచ్చు. లక్ష టాకాల స్మారక నోటు మీద మన ఫొటో అచ్చేసి ఇచ్చే యంత్రం ముందు పిల్లలు బారులు తీరారు. నాకది నచ్చలేదు.

2025 జూన్‌లో బంగ్లాదేశ్ మళ్లీ నోట్లు మార్చింది. దేశ స్థాపక నేత షేక్ ముజీబ్ బొమ్మ తీసేసి కట్టడాలు, ప్రకృతి దృశ్యాలు వేసింది. బొమ్మల రాజకీయం ముదిరేకొద్దీ పాతనోట్ల ధరలూ, దొంగ సరుకూ పెరగడం ఖాయం. బంగ్లాదేశ్ నోట్లు పోగేద్దామనుకునేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే: రబ్బరు ముద్ర నోటు ఎంత చవగ్గా ఇస్తామన్నా తీసుకోకండి. ఒక్క టాకాతో మొదలుపెట్టండి.