'ముట్టుకోవచ్చా?' జపాన్‌లో ఎలా అడగాలి!

పొద్దున్నే మన్సూరాబాద్‌ కాలనీల్లో నడకకు వెళితే రెండు రకాల కుక్కలు ఎదురవుతాయి. గొలుసుతో షికారుకొచ్చినవి కొన్ని, ఎవరివీ కానివి కొన్ని. గొలుసు కుక్క కనిపిస్తే చాలు, పిల్లలు చేయి చాచేస్తారు. 'ఏం చెయ్యదులే' అంటారు యజమానులు. ముందుగా అడిగేవాళ్లు తక్కువ.

అదే అలవాటుతో జపాన్‌ వెళితే ఇబ్బందే. కొడుకో కూతురో అక్కడ ఉద్యోగం చేస్తుంటే చూడ్డానికి వెళ్లే అమ్మానాన్నలు ఈ నాలుగు మాటలూ నేర్చుకుంటే మంచిది.

అక్కడ కుక్క కన్నా ముందు మనిషిని పలకరించాలి. మొదట 'సుమిమాసెన్‌'. 'ఏమండీ', 'క్షమించండి'... రెండు అర్థాలూ ఉన్నాయి. తర్వాత 'సవత్తే మో ఈ దెస్‌ కా?'. అంటే 'ముట్టుకోవచ్చా అండీ?'. మనకిది సులువే. వాళ్లూ మనలాగే క్రియను వాక్యం చివర్లో పెడతారు. మన ప్రశ్నలో చివరి దీర్ఘం చేసే పని అక్కడ 'కా' చేస్తుంది.

'దోజో' అంటే 'అలాగే, కానివ్వండి' అని. 'చొత్తో...' అని సాగదీశారా, చేయి వెనక్కి తీసుకోవాల్సిందే. ఆ మాటకు అర్థం 'కొంచెం'. మనవాళ్లు 'అబ్బే, కొంచెం...' అని నసిగినట్టే, కాదనడానికి అదో మర్యాద.

కుక్కను 'ఇను' అంటారు. 'వాన్‌చాన్‌' అంటే మరింత ముద్దుగా ఉంటుంది. జపాన్‌ కుక్కలు 'వాన్‌ వాన్‌' అని మొరుగుతాయి మరి! 'ఎంత ముద్దుగా ఉందో' అనడానికి 'కవాయీ దెస్‌ నే'. వయసు అడగాలంటే 'నాన్‌సాయ్‌ దెస్‌ కా?'. వచ్చేటప్పుడు 'అరిగతో గొజాయ్‌మస్‌' అని ధన్యవాదాలు చెప్పాలి.

అడక్కుండా ముట్టుకోదగ్గ కుక్క టోక్యోలో ఒకటుంది. షిబుయా స్టేషన్‌ దగ్గరి హచికో విగ్రహం! 1925లో కన్నుమూసిన ప్రొఫెసర్‌ ఉయెనో కోసం తాను చనిపోయిన 1935 దాకా ఆ స్టేషన్‌కు వస్తూనే ఉంది హచికో.

ఈ అడిగే పద్ధతి మనకే ఎక్కువ అవసరం. జపాన్‌లో 1957 తర్వాత అక్కడి జంతువుల్లో రేబిస్‌ కనిపించలేదు. మన దగ్గర ఆ బెడద పోలేదు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో ఓ చిన్నారి ప్రాణమే పోయింది. అందుకే పిల్లలకు ఒకటే మాట చెబుదాం... యజమాని ఉంటే అడగాలి, లేకపోతే దూరంగా ఉండాలి. కుక్క కరిచినా గీరినా దాచకుండా ఇంట్లో చెప్పాలి. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

రేపు ఉదయం నడకలో మన భాషలోనే మొదలుపెడదాం. 'ఏమండీ, మీ కుక్కను ముట్టుకోవచ్చా?'