వాన నీటి వెంట వాడపల్లి దాకా

హైదరాబాద్ నుంచి 2005 ఏప్రిల్‌లో ఎగిరిన ఓ బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులోని గాలిని పట్టి తెచ్చింది. అందులోనూ బతికున్న బ్యాక్టీరియా దొరికింది. వాటిలో మూడు కొత్త జాతులని ఇస్రో 2009లో ప్రకటించింది. ఒకదానికి ఆర్యభట్ట పేరు, ఒకదానికి ఇస్రో పేరు, మూడోదానికి ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయిల్ పేరు పెట్టారు. ఇక బ్యాక్టీరియా లేని చోటు వెతకడం వృథా. ఏ చోట ఏది పెరుగుతోంది, దాన్ని పెంచుతున్నదెవరు అన్నదే అడగాలి. అదే హైదరాబాద్‌లోని రహమత్ నగర్‌లో పడిన వాన నీటి వెంట నడిస్తే జవాబు దొరుకుతుంది.

రహమత్ నగర్ గుట్టల వాలు మీద, ఇల్లు ఇల్లును ఆనుకుని పెరిగిన బస్తీ. తొలకరికి ఇక్కడ ఇంకా సిమెంటు పరవని జాగాల నుంచి మట్టి వాసన లేస్తుంది. అది స్ట్రెప్టోమైసిస్ అనే నేల బ్యాక్టీరియా చేసే జియోస్మిన్ పరిమళం. ఈ స్ట్రెప్టోమైసిస్ జాతులే పొరుగు సూక్ష్మజీవులను అదుపులో పెట్టే పదార్థాలనూ చిటికెడు చిటికెడు చేస్తాయి. వాటినే యాంటీబయాటిక్స్ అంటున్నాం. 1943లో స్ట్రెప్టోమైసిన్ అలాగే దొరికింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లీ సంస్థ నుంచి 1948లో లోకానికి అందిన ఆరియోమైసిన్ కూడా ఒక స్ట్రెప్టోమైసిస్ ఇచ్చినదే. గుప్పెడు మట్టిలో వేల జాతులు సర్దుకుని బతుకుతాయి.

నీళ్లు వాలు వెంట యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ వైపు దిగుతాయి. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్లు, సినిమా పని వెతుక్కుంటూ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఉండే వీధులివి. గట్టి వాన పడితే ఎగువనున్న జూబ్లీహిల్స్ నీళ్లు ఇక్కడి గల్లీలను ముంచెత్తుతాయి. ఒకప్పుడు ఈ నీళ్లను ఆపడానికి యూసుఫ్‌గూడ చెరువుండేది. దాని నేలలో ఇప్పుడు కృష్ణకాంత్ పార్కు ఉంది. ఆగే చోటు పోయి, వాన నీరూ మురుగూ నాలాలో ఒకటవుతున్నాయి.

అక్కడితో బ్యాక్టీరియా జనాభా మారిపోతుంది. నేల జాతులు వెనక్కి తగ్గి, మన పేగుల్లో బతికే బ్యాక్టీరాయిడీస్, ఈ-కోలై వంటివి వచ్చి చేరతాయి. మూసిన మురుగు పైపులో అడుగున ఒక లోకం, పైకప్పున మరొకటి. అడుగున ఆక్సిజన్ అందని బురదలో సల్ఫేట్‌తో బతికే జాతులు హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతాయి. కుళ్లిన గుడ్డు వాసన దానిదే. మ్యాన్‌హోల్‌లో దిగిన కార్మికుల ప్రాణం తీసేదీ ముఖ్యంగా అదే. పైకి లేచిన ఆ వాయువును కప్పుకు అంటుకున్న వేరే జాతులు ఆక్సిజన్ సాయంతో గంధకామ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం కాంక్రీటును తినేస్తుంది.

నాలాలు చేరే హుస్సేన్ సాగర్ 16వ శతాబ్దంలో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో తవ్వించిన చెరువు. ఇక్కడ నీరు నిలుస్తుంది, ఎండ తగులుతుంది, మురుగు తెచ్చిన నత్రజని, భాస్వరం పుష్కలంగా ఉంటాయి. ఈ మూడూ కలిస్తే మైక్రోసిస్టిస్ వంటి బ్యాక్టీరియా విజృంభించి నీటి మీద ఆకుపచ్చ తెట్టు కడుతుంది. అది కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ అంతా హరించుకుపోయి చేపలు చస్తాయి.

సాగర్ మిగులు నీరు నాలా గుండా పోయి మూసీ నదిలో కలుస్తుంది. ఆ దిక్కునే అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల మురుగు శుద్ధి కోసం కట్టిన కేంద్రం ఉంది. గాలి చొరని తొట్లలో సూక్ష్మజీవులు మురుగును తిని మీథేన్ చేస్తాయి. నగరానికి ఇంత మేలు చేసే ఆ జీవుల దగ్గరికే పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాన్ని, అక్కడ ఒకసారి శుద్ధి చేశాక, 18 కిలోమీటర్ల పైపులైను వేసి మురుగులో కలిపి పంపారు. మంజీర మీదుగా గోదావరికి పోవలసిన నీరు అలా కృష్ణ దారి పట్టింది.

ఆ వ్యర్థజలం సంగతి 2007లో ప్రపంచానికి తెలిసింది. సుమారు 90 మందుల కంపెనీల నీరు వచ్చే పటాన్‌చెరు శుద్ధి కేంద్రంలో, శుద్ధి తర్వాత కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం చూపింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. 2011లో ఆ పరిశోధకులే అక్కడి వాగు బురదలోని డీఎన్ఏ చదివారు. మందుకు లొంగని గుణాన్నిచ్చే జన్యువులు, వాటిని ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి మోసే ప్లాస్మిడ్లు అక్కడ పెద్ద ఎత్తున కనిపించాయి. మట్టిలో యాంటీబయాటిక్స్ చిటికెడే, ఇక్కడ ఈ మందు వరదైంది. ఆ వరదలో మొండి జాతులే మిగిలాయి. ఆ జన్యువులు రోగకారక బ్యాక్టీరియాకు చేరితే, ఆస్పత్రి మంచం మీది మనిషికి మందు పనిచేయదు.

నగరం దాటాక మూసీ పీర్జాదిగూడ, ప్రతాపసింగారం మీదుగా పచ్చగడ్డి మడులను, వరి పొలాలను తడుపుతూ సాగుతుంది. పాతకాలపు కత్వల (చిన్న ఆనకట్టల) దగ్గర నీరు ఆగుతుంది. బురద, నులిపురుగుల గుడ్లు అడుగుకు దిగుతాయి. కత్వ దూకేటప్పుడు నీటిలో గాలి కలుస్తుంది, ఆగినచోట ఎండ పని చేస్తుంది. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే జాతులు మళ్లీ ఊపిరి పోసుకుంటాయి. సుమారు 40 కిలోమీటర్లలో ఈ-కోలై నూటికి 99 పాళ్లకు పైగా తగ్గిందని 2010లో అచ్చయిన అధ్యయనం చెప్పింది. నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర ఈ నీరే కృష్ణలో కలుస్తుంది.

దారి పొడవునా కనిపించేది ఒకటే. చోటును మనం ఎలా ఉంచితే అక్కడ అలాంటి బ్యాక్టీరియా కాపురం పెడుతుంది. అందుకే మూసీని బాగుచేస్తామనే వారెవరైనా మొదట మందుల నీటిని ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆపాలి. వాన నీటికి మురుగు కలవని దారి ఇవ్వాలి. మిగిలిన చెరువులను, కత్వలను కాపాడాలి. నీటిని శుభ్రం చేసే పని బ్యాక్టీరియాకు ఎప్పటి నుంచో తెలుసు. దాన్ని చేసుకోనివ్వడం మన పని.