గట్టు లేని చెరువు

నీళ్ళని మనం పైనుంచే చూస్తాం. గట్టు మీద నిలబడో, వంతెన మీంచో, బావిలోకి తొంగో. పక్కనుంచి, చేప కంటికి ఎదురుగా మన కన్ను పెట్టి చూడటం మనిషికి చాలా కొత్త అలవాటు. స్టీఫెన్ జే గూల్డ్ ఒక వ్యాసంలో ఈ సంగతే చెప్తాడు. పందొమ్మిదో శతాబ్దం మధ్య దాకా యూరప్ పుస్తకాల్లో సముద్రజీవుల బొమ్మలు ఎక్కువగా ఒడ్డున నిలబడ్డవాడు చూసినట్టే ఉంటాయట. గవ్వలూ, చేపలూ, పీతలూ ఇసుక మీదకి కొట్టుకొచ్చి పడుంటాయి. ఇళ్ళలోకి అద్దాల తొట్టి వచ్చాకే బొమ్మలు గీసేవాడి కన్ను నీళ్ళలోకి దిగింది.

ఆ రావడం కూడా చకచకా జరిగిపోయింది. 1853లో లండన్ జూలో జనం చూడటానికి చేపల ఇల్లు తెరిచారు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ 'ది అక్వేరియం' అనే పుస్తకం వేశాడు. వీటికంటే ముందే, 1840లలో, ఆనా థిన్ అనే ఆవిడ లండన్‌లో తన ఇంట్లో సముద్రపు నీళ్ళలో పగడాల్ని బతికించింది. నీళ్ళకి గాలి తగలాలి కాబట్టి ఆవిడ పనిమనిషి తెరిచిన కిటికీ ముందు నిలబడి ఆ నీళ్ళని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పోస్తూ ఉండేది. అక్వేరియంలో మొదటి పంపు ఒక మనిషి రెండు చేతులన్నమాట.

ఇదంతా నేను చదివింది తొట్టి కట్టుకోవాలన్న పిచ్చి ఎక్కాక. కొనడం కాదు, కట్టడమే. పైగా రిమ్‌లెస్. పైన చుట్టూ పట్టీ ఉండదు, అడ్డంగా అద్దపు పలకలుండవు. ఐదు అద్దాలు, వాటి మధ్య సిలికాన్, అంతే. దూరం నుంచి చూస్తే నీళ్ళు వాటంతటవే నిలబడ్డట్టుంటాయి. జపాన్‌లో తకాషీ అమానో మంచినీటి మొక్కల తొట్లని ఇలా చూపించాక ఈ మోజు ప్రపంచమంతా పాకింది. నేను కట్టాలనుకున్నది మాత్రం ఉప్పునీళ్ళది. అదీ సముద్రానికి దాదాపు మూడొందల కిలోమీటర్ల దూరంలో, కూకట్‌పల్లిలో, మూడో అంతస్తు ఫ్లాట్‌లో.

నాన్న ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగమంతా ధవళేశ్వరం చుట్టుపక్కలే. అమ్మ పోయాక, రెండేళ్ళుగా మా దగ్గరే ఉంటున్నాడు. పేపరు మొదటి పేజీ నుంచి టెండరు ప్రకటనల దాకా చదువుతాడు. తర్వాత బాల్కనీలో కుర్చీ వేసుకుని ఎదురుగా లేస్తున్న అపార్ట్‌మెంటుకి ఎన్ని స్లాబులు పడ్డాయో లెక్కపెడతాడు. నా స్నేహితుల ఇళ్ళలో సగానికి సగం అలాంటి కుర్చీ ఒకటుంది. "మావయ్యగారికి ఏదో ఒకటి తోచేలా చూడు," అని నా భార్య అంటూనే ఉండేది. ఇంట్లో మనిషి కోసం ఒక పని కల్పించడం అవమానంలా ఉంటుందని నేను ఊరుకునేవాణ్ణి.

లాప్‌టాప్‌లో గీసుకున్న బొమ్మ చూసి ఆయన అడిగిన మొదటి మాట: "గట్టేదిరా?"

"గట్టుండదు నాన్నా. అదే దీని అందం."

"గట్టు లేని చెరువు ఎక్కడైనా చూశావా?"

నవ్వుతాడేమోనని మొహంలోకి చూశాను. నవ్వలేదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది. గట్లు తెగాయి, కోనసీమ ఊళ్ళు మునిగాయి. అప్పటికి నాన్న ఉద్యోగంలో చేరి కొన్నేళ్ళే అయింది. ఆ వరద కథ చిన్నప్పటి నుంచి మా ఇంట్లో వినపడుతూనే ఉంది గానీ ఎప్పుడూ మొత్తంగా వినపడలేదు. ఇసుక బస్తాల దాకా చెప్పి ఆగిపోతాడు.

తర్వాత ఆయన అడిగిన ప్రశ్న "ఎత్తెంత?" పొడుగు అడగలేదు. చూడ్డానికొచ్చిన ఇంజనీరు స్నేహితులందరూ ముందు పొడుగే అడిగారు. నీటి ఒత్తిడికి పొడుగుతో పని లేదు, లోతుతోనే పని. మూడు అడుగుల తొట్టిలో అడుగున ఎంత ఒత్తిడి ఉంటుందో, అంతే లోతున్న కొల్లేటి అడుగునా అంతే. లోతు రెట్టింపైతే అద్దాన్ని బయటికి నెట్టే బలం నాలుగింతలవుతుంది. మాది 90 సెంటీమీటర్ల పొడుగు, 50 వెడల్పు, 45 ఎత్తు. నీళ్ళు 41 దాకా. ముందు అద్దం మీద పడే మొత్తం బలం దాదాపు 75 కిలోల బరువుతో సమానం. ఒక మనిషి రాత్రీ పగలూ ఆ అద్దానికి లోపలినుంచి ఆనుకుని నిలబడ్డట్టు. బీటెక్‌లో ఫ్లూయిడ్ మెకానిక్స్ ఎలక్టివ్‌గా తీసుకున్న మా టీమ్ లీడ్ కంటే నాన్నకి ఇది బాగా తెలుసు. ఎందుకంటే ఆయనకి ఇది సూత్రం కాదు, డ్యూటీ.

ఆనకట్ట అడుగున లావుగా, పైన సన్నగా కడతారు. అద్దానికి ఆ వీలు లేదు, పైనుంచి కింద దాకా ఒకే మందం. ఒత్తిడి అడుగున ఎక్కువ, కానీ వంగడం ఎక్కువగా కనిపించేది పై అంచు నడిమధ్య, ఎందుకంటే అక్కడ పట్టుకునే దిక్కు లేదు. రిమ్ చేసే పని అదే. రిమ్ ఉంటే ఈ కొలతకి 8 మిల్లీమీటర్ల అద్దంతో సరిపెట్టుకోవచ్చు. తీసేస్తే 12 కావాలి. అంటే రిమ్ ఎక్కడికీ పోలేదు, అద్దంలోకి వెళ్ళి దాక్కుంది. బరువు, ఖర్చు పెరిగాయి, కంటికి మాత్రం తేలికగా కనిపిస్తుంది. మన సమీక్షల్లో 'చట్రాలు బద్దలు కొట్టిన కవి' అన్న మాట కనపడ్డప్పుడల్లా ఇప్పుడు నాకు ఈ 4 మిల్లీమీటర్లు గుర్తొస్తున్నాయి. ఆ చట్రం పని ఇప్పుడు ఏ వాక్యం మోస్తోందో చెప్పే సమీక్ష దొరికితే ముందు అది చదువుతాను.

అద్దం కొనడానికి ఇద్దరం వెళ్ళాం. షాపువాడు టఫెన్డ్ తీసుకోమన్నాడు, గట్టిదని. గట్టిదే, కానీ పగిలితే మొత్తం ఒక్కసారిగా ముక్కలైపోతుంది. మామూలు ఫ్లోట్ గ్లాస్ బీటలిస్తుంది, సాధారణంగా కాస్త వ్యవధి ఇస్తుంది. నాన్న ఈ ఒక్క ముక్కతో ఒప్పుకున్నాడు. "ముందు చెప్పేదే మంచిది." ముందు అద్దం మాత్రం ఇనుము తక్కువుండే ఎక్స్‌ట్రా క్లియర్ తీసుకున్నాం. మామూలు అద్దం అంచు పచ్చగా ఉంటుంది, 12 మిల్లీమీటర్ల మందంలో ఆ పచ్చదనం లోపలున్న రంగుల్ని కూడా కాస్త మారుస్తుంది. కోసిచ్చిన ముక్కల్లో ఒక పక్క అద్దం రెండు మిల్లీమీటర్లు పొట్టిగా వచ్చింది. నాన్న టేపుతో షాపులోనే కొలిచి వెనక్కిచ్చాడు. షాపువాడు "సిలికాన్‌లో కలిసిపోద్ది సార్" అన్నాడు. నాన్న వాడికేసి చూసిన చూపు ఎంతమంది కాంట్రాక్టర్ల మీద పదునెక్కిందో అనుకున్నాను.

సిలికాన్ కథ వేరే. బాత్రూముల్లో వాడేదాంట్లో బూజు పట్టకుండా మందు కలుపుతారు, అది చేపల్ని చంపుతుంది. మందు కలపని, అక్వేరియంలకని రాసి ఉన్న రకమే కావాలి. ఆరేటప్పుడు వెనిగర్ వాసన కొడుతుంది. ట్యూబులోంచి బయటికొచ్చాక పదినిమిషాల్లో పైపొర కడుతుంది, ఆలోపే అద్దం నిలబెట్టి, చతురంగా ఉందో లేదో చూసి, వేలితో మూల నున్నగా లాగాలి. రోజంతా కోడ్ రాసేవాడికి ఇది వింత లోకం. తప్పొస్తే పాత వెర్షన్‌కి వెళ్ళే దారి లేదు, కోసిపారేసి మొదటికి రావడమే. అందుకని ముందు సిలికాన్ లేకుండా రెండుసార్లు ఉత్తుత్తి రిహార్సల్ చేశాం. అడుగు అద్దం, వెనకది, రెండు పక్కలవి, చివరికి ముందుది. మూలలు నేను పట్టుకున్నాను, గన్ నా భార్య నొక్కింది, మూలమట్టం నాన్న చూశాడు. నాలుగేళ్ళ మా అమ్మాయికి మాస్కింగ్ టేపు ముక్కలు అందించే ఉద్యోగం. తర్వాత వారం రోజులు ఎవరూ దాన్ని ముట్టుకోకూడదని నాన్న ఆర్డరు.

స్టాండు దగ్గర మాకు పడలేదు. ఆయనకి ఇనుప స్క్వేర్ పైపు వెల్డింగ్ చేయించాలని. నాకు 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై కావాలని, ఉప్పు చెమ్మకి ఇనుము నిలవదని. చివరికి ప్లైయే, కానీ ఆయన షరతు మీద: బరువు స్క్రూల మీద పడకూడదు. పైపలక నిలువు పలకల మీద కూర్చోవాలి, అవి నేరుగా నేల మీద. స్క్రూలు పలకలు పక్కకి జరగకుండా పట్టుకోవడానికే. నీళ్ళు, అద్దం, రాళ్ళు, ఇసుక, స్టాండు కలిపితే మూడొందల కిలోలు దాటుతుంది. ఇళ్ళ గదులకి ఇండియన్ స్టాండర్డ్ పెట్టిన డిజైన్ లోడు చదరపు మీటరుకి 2 కిలోన్యూటన్లు, అంటే సుమారు రెండొందల కిలోలు. అది గదంతా పరుచుకున్న బరువు లెక్క, అందుకని గది మధ్యలో కాకుండా బీమున్న గోడకి ఆనించి పెట్టాం. లెవెల్ చూడటానికి నేను ఫోన్‌లో యాప్ తీశాను. నాన్న కిందకి వెళ్ళి, ఎదుటి బిల్డింగు మేస్త్రీ దగ్గర లెవెల్ పైపు అడిగి తెచ్చాడు. సన్నటి గొట్టం, అందులో నీళ్ళు. రెండు కొసల్లో నీళ్ళు ఎక్కడ నిలిస్తే అదే మట్టం. రెండేళ్ళలో ఆయన ఆ బిల్డింగువాళ్ళతో మాట్లాడింది అదే మొదటిసారని తర్వాత తెలిసింది.

నీళ్ళు నింపిన రోజు రాత్రి నాన్న పడుకోలేదు. మొదట మంచినీళ్ళే, పరీక్షకి. పిల్లని హాల్లోకి రానివ్వలేదు. తొట్టి చుట్టూ అడుగున న్యూస్‌పేపర్లు పరిచాడు, చెమ్మ తగిలితే కాగితం ముందు చెప్తుందని. తొట్టి లోపలి వైపు, పై అంచుకి ఈ మూల నుంచి ఆ మూలకి దారం బిగించాడు. ఖాళీగా ఉన్నప్పుడు దారం అద్దాన్ని తాకుతూ ఉంది. నిండాక నడిమధ్య దారానికీ అద్దానికీ సందు వచ్చింది. అర మిల్లీమీటరుకి అటూఇటూగా ఉంటుంది. అద్దం వంగుతుందని నాకు లెక్కల్లో తెలుసు. కానీ కళ్ళముందు అద్దం పొట్ట ఉబ్బి ఆగడం చూస్తే కడుపులో ఏదో కదిలింది. బెర్లిన్‌లో 2022 డిసెంబరులో పది లక్షల లీటర్ల ఆక్వాడోమ్ తెల్లవారుజామున పేలిపోయి హోటలు లాబీ నిండా నీళ్ళు, చచ్చిన చేపలు ఉన్న ఫొటోలు గుర్తొచ్చాయి. అది అక్రిలిక్, దాని కథ వేరు. అర్ధరాత్రి రెండింటికి ఇలాంటి తేడాలు ధైర్యం ఇవ్వవు.

ఆ రాత్రే చెప్పాడు. టార్చి వేసి కాగితాలు చూస్తూ, నాకేసి చూడకుండా.

"అందరూ గట్టు మీంచి నీళ్ళు పొర్లి తెగిందనుకుంటారు. నేనున్న చోట అలా కాదు. అవతల పక్క, అడుగున, చెమ్మ. తర్వాత బుడబుడమని బుడగలు. బస్తాలు వేస్తూనే ఉన్నాం. నీళ్ళు కనపడవురా ముందు. కాళ్ళకింద నేల మెత్తబడుద్ది."

"భయమేసిందా నాన్నా?"

"పక్కనున్నవాణ్ణి పరిగెత్తమన్నాను. నేను ఇంకాసేపు నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో మీ అమ్మ ఎన్నోసార్లు అడిగింది."

ఆ తర్వాత ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. తెల్లారి ఐదింటికి కాగితాలన్నీ పొడిగా ఉన్నాయి. వాటిని మడిచి పెట్టి టీ పెట్టుకున్నాడు.

ఉప్పు కలపడం పెద్ద పని కాదు. ఆర్‌ఓ నీళ్ళలో లీటరుకి సుమారు 35 గ్రాములు, మాకు మొత్తం 6 కిలోల దాకా పట్టింది. సాపేక్ష సాంద్రత 1.025 చూపించాక పంపు, రాళ్ళు, ఇసుక. చేపలు అప్పుడే కాదు. బాక్టీరియా చేరి అమ్మోనియాని నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే స్థితికి రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పగడాలు ఎప్పటికీ ఉండవు. రాతిపగడాలు, సముద్రపు గుర్రాలు వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, పులి ఉన్న జాబితాలోనే. అయినా ఫోన్లో అడిగితే "ఏ రంగు కావాలి సార్" అన్నవాడు ఉన్నాడు. సముద్రంలోంచి పట్టినవి కాకుండా హాచరీలో పుట్టిన క్లౌన్ చేపలు రెండు చాలనుకున్నాం. మండపంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవాళ్ళు వాటిని పెంచే పద్ధతి ఎప్పుడో సాధించారు. నీళ్ళని పక్కనుంచి చూడాలన్న నా సరదాకి సముద్రం జేబులోంచి డబ్బు తీయడం నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు తొట్టిలో నీళ్ళు, రాళ్ళు, వెలుతురు మాత్రమే ఉన్నాయి. పిల్ల అద్దానికి ముక్కు ఆనించి లోపలికి చూస్తుంది. నాన్న ఇంకా పైనుంచే చూస్తాడు, నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని. పక్క అద్దం మీద ఒక మూల కాగితపు స్కేలు అంటించాడు, అడుగు నుంచి సెంటీమీటర్లు గుర్తుపెట్టి. ఆవిరయ్యేది మంచినీరే, ఉప్పు లోపలే మిగులుతుంది, కాబట్టి తగ్గినంత మంచినీళ్ళే పోయాలి. ఎంత తగ్గిందో తెలియాలంటే రీడింగు ఉండాలి. పొద్దున ఆరింటికి ఒకటి, సాయంత్రం ఆరింటికి ఒకటి. దానికో లాంగ్ నోట్‌బుక్కు కొని గళ్ళు గీశాడు: తేదీ, టైము, మట్టం, పోసిన నీళ్ళు, రిమార్కులు.

నిన్నటి పేజీలో పొద్దున 41.0, సాయంత్రం 40.8. రిమార్కుల గడిలో 'చేపలు ఇంకా రాలేదు' అని రాసి, కింద సంతకం పెట్టాడు.